పాత ద్రాక్ష తోట భూమిలో బత్తాయి పాలిపోతోంది: ఇనుము లోపమా, రాగి ఎక్కువైందా?

చెల్కరైతు_శామీర్‌పేట
అందరికీ నమస్కారం. మాది శామీర్‌పేట దగ్గర ఎర్ర చెల్క భూమి. నాన్న హయాంలో ఇదంతా అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిరి. బోర్లు ఎండిపోయి, కూలీలు దొరక్క పందిరి పీకేశారు. తర్వాత కొన్నేళ్లు మక్క, కూరగాయలు వేశాం. ఇప్పుడు రెండెకరాల్లో సాత్‌గుడి బత్తాయి పెట్టాం, రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు. మూడో ఏడు నడుస్తోంది.

లేత ఆకులు పసుపెక్కుతున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగా, వల గీసినట్టు కనిపిస్తున్నాయి. చిగురు వస్తుంది కానీ ఆకు సైజు రాదు. కొమ్మలు చివర్ల నుంచి ఎండుతున్నాయి. నాకు అర్థం కానిది ఒకటుంది. తోటంతా ఇలా లేదు, పాత పందిరి ఉన్న వైపే ఇలా ఉంది. గట్టు అవతల ఎప్పుడూ జొన్న, కంది వేసిన ముక్కలో అదే నర్సరీ మొక్కలు, అదే బోరు, అదే డ్రిప్, నిగనిగలాడుతున్నాయి.

మందుల షాపులో వేరుకుళ్లు అన్నారు. కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పాదుల్లో పోయమన్నారు. డబ్బాలు తెచ్చి పెట్టుకున్నా. పోయాలా వద్దా?

గూడూరు_నిమ్మతోట
తమ్ముడూ, లేత ఆకు పసుపు, ఈనె పచ్చ అంటే ఇనుప ధాతు లోపమే, డౌట్ లేదు. మా నిమ్మల్లో ఏటా చూస్తాం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టు, వారం గ్యాప్ ఇచ్చి మళ్లీ కొట్టు. జింకు కూడా తగిలించు. వేరుకుళ్లుకి కాపర్ పోసినా నష్టం లేదు, మేము పోస్తూనే ఉంటాం.

వేరుమూలం
చెల్కరైతు గారూ, ఆ డబ్బాలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గూడూరు అన్న చెప్పిన లక్షణం ఇనుము లోపానిదే, అందులో తేడా లేదు. కానీ ఆ లోపం ఎందుకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

బత్తాయిలో ఇనుము లోపం మామూలుగా సున్నపు నేలల్లో, ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటిన చోట వస్తుంది. మీది ఎర్ర చెల్క, సున్నపు నేల కాదు. పైగా పందిరి ఉన్న వైపే వస్తోంది. నీళ్లు ఒకటే, మొక్కలు ఒకటే, తేడా అంతా మట్టిలోనే ఉంది. రెండు పనులు చేయండి. ఒకటి, రెండు ముక్కల నుంచీ వేర్వేరుగా పై జానెడు లోతు మట్టి తీసి పరీక్షకు ఇవ్వండి. ఉదజని సూచిక, రాగి అంకెలు తప్పకుండా కావాలి. రెండు, పాలిపోయిన చెట్టు పాదు అంచున మెల్లగా తవ్వి పీచు వేర్లు ఎలా ఉన్నాయో చూసి చెప్పండి. బుడిపెలు ఉంటే నులిపురుగులు. బెరడు చేతికి ఊడొచ్చి లోపల దారంలా మిగిలితే వేరుకుళ్లు. రెండూ కాకపోతే మాట్లాడుకుందాం.

నాన్నగారిని ఒక మాట అడగండి: ద్రాక్షకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, సున్నం కలిపిన తెగుళ్ల మందు) ఏడాదికి ఎన్నిసార్లు కొట్టేవారు?

చెల్కరైతు_శామీర్‌పేట
నాన్నని అడిగాను మేడం. "వాన పడితే చాలు, మైలుతుత్తం కొట్టుడే" అన్నారు. మజ్జిగ తెగులు భయం అట. ఏడాదికి నాలుగైదు సార్లకు తక్కువ లేదంటున్నారు, ఇరవై ఏళ్ల పైనే. బూడిద తెగులుకి గంధకం పొడి కూడా చల్లేవారట. అప్పట్లో పందిరి కింద స్తంభాలన్నీ నీలంగా ఉండేవి, నాకు బాగా గుర్తు.

లెక్కలమాస్టారు
ఇది లెక్క వేయగలిగిందే, వేసి చూద్దాం. ఒక శాతం బోర్డో అంటే వంద లీటర్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ఎకరానికి 400 లీటర్లు కొడితే నాలుగు కిలోల మైలుతుత్తం. అందులో నాలుగో వంతు రాగి. అంటే ఒక్కసారి కొడితే ఎకరంలో కిలో రాగి పడినట్టు. ఏడాదికి 5 సార్లు, 20 ఏళ్లు అంటే 100 కిలోలు. ఎకరంలో పై ఆరంగుళాల మట్టి బరువు సుమారు 900 టన్నులు. అంతా అందులోనే ఉండిపోతే కిలో మట్టికి 110 మిల్లీగ్రాముల పైనే, అదీ భూమిలో మొదటి నుంచీ ఉన్నదానికి అదనంగా.

కొంత ఆకులతో, పళ్లతో పోయి ఉంటుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. వేరుమూలం మేడం చెప్పాలి.

వేరుమూలం
పోయేది చాలా తక్కువ మాస్టారూ. కొమ్మ కత్తిరింపులు, రాలిన ఆకులు ఎక్కువగా ఆ తోటలోనే పడి కుళ్లుతాయి. రాగి నైట్రోజన్‌లా గాలిలో కలవదు, యూరియాలా నీళ్లలో కొట్టుకుపోదు. మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని, బంకమట్టిని గట్టిగా పట్టుకుని పై పొరలోనే దశాబ్దాల తరబడి కూర్చుంటుంది. బత్తాయి పీచు వేర్లు ఎక్కువగా ఉండేది కూడా ఆ పై పొరలోనే, చిక్కంతా అక్కడే.

ఇది మన దగ్గరే పుట్టిన సమస్య కాదు. బోర్డో మిశ్రమం పుట్టిందే ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్ష తోటల్లో. 1885లో మిల్లార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని లోకానికి చెప్పాడు. శతాబ్దం పైగా కొట్టాక అక్కడి పాత తోటల మట్టిలో రాగి పేరుకుపోయింది. అందుకే ఐరోపా యూనియన్ 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగి మించకూడదని హద్దు పెట్టింది. మాస్టారి లెక్కని హెక్టారుకి మార్చి చూడండి, నాన్నగారి తోటలో ఏడాదికి 12 కిలోలు దాటుతుంది. వాళ్ల సగటు హద్దు 4.

బత్తాయి జాతికి ఇది ఎంత దెబ్బో ముందుగా తెలిసింది అమెరికాలోని ఫ్లోరిడాలో. ఇసుక నేలలు, ఏళ్ల తరబడి రాగి ఎరువులు, రాగి మందులు. చెట్లు సరిగ్గా మీరు చెప్పినట్టే లేత ఆకులు పాలిపోయి గిడసబారాయి.

గూడూరు_నిమ్మతోట
మేడం, రాగి మొక్కకి కావలసిన పోషకమే కదా? విషం ఎలా అవుతుంది?

వేరుమూలం
అవును అన్నా. రాగి, జింకు, మాంగనీసు, నికెల్ కొద్దిగా కావాలి, ఎక్కువైతే విషం. సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ మాత్రం చెట్టుకి ఏ మోతాదులోనూ అక్కర్లేదు. అక్కర్లేనివి లోపలికి ఎలా వస్తాయంటే, వేరుకు వాటిని గుర్తుపట్టే తెలివి లేదు. కాడ్మియం జింకు, ఇనుము పోయే దారుల్లోనే దూరుతుంది. ఆర్సెనిక్ భాస్వరం దారిలో పోతుంది. దొంగ పాసుతో బస్సెక్కే వాడికీ దీనికీ పెద్ద తేడా లేదు.

రాగి ఎక్కువైనప్పుడు మొదటి దెబ్బ వేరు చివరకే. అక్కడి కణాల పొర దెబ్బతిని లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. వేరు పొడవు పెరగడం ఆగి, చివర లావెక్కి నల్లబడుతుంది. పీచు వేర్లు పుట్టవు. పీచు వేర్లు లేకపోతే ఇనుము ఎవరు తెచ్చిపెడతారు? ఉన్న వేర్లలో కూడా రాగి ఇనుము తీసుకోవడాన్ని అడ్డుకుంటుంది. ఆకులో పసుపు కనిపించేది ఇందుకే. గూడూరు అన్న చెప్పిన అన్నభేది పిచికారీ వల్ల ఆకు కొన్నాళ్లు పచ్చబడుతుంది, అది నిజమే. కానీ తర్వాత వచ్చే చిగురు మళ్లీ పసుపే.

ఇంకో సంగతి. రాగి కణంలో చేరాక హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి అతి చురుకైన ఆక్సిజన్ రూపాల్ని పుట్టిస్తుంది. అవి పొరల్లోని కొవ్వుల్ని, ప్రొటీన్లని, డీఎన్‌ఏని కొరికేస్తాయి. కాడ్మియం ఈ పని నేరుగా చేయదు, ఇంకో దారిలో, చెట్టు రక్షణ వ్యవస్థని నీరసపరచి అదే ఫలితం తెస్తుంది. చెట్టు ఊరుకోదు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కేటలేజ్, పెరాక్సిడేజ్ అనే ఎంజైములతో వాటిని ఆర్పుతుంది. కణంలో ఉండే గ్లూటాథయోన్ అనే గంధకపు పదార్థం నుంచి ఫైటోకెలాటిన్లు అనే చిన్న గొలుసులు అల్లి లోహాన్ని కట్టేసి, కణంలోని రిక్తికలో (వాక్యువోల్ అనే సంచిలో) పడేస్తుంది. ఈ గొలుసుల్ని 1985లో జర్మనీ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. రాగి విషయంలో మెటలోథయోనిన్లు అనే ప్రొటీన్లు కూడా సాయం వస్తాయి. ఇదంతా ఖర్చుతో కూడిన పని. గంధకం, నైట్రోజన్, శక్తి అన్నీ రక్షణకే పోతే పిందెకి ఏం మిగులుతుంది? చెట్టు చావకుండా, కాయకుండా ఏళ్లకేళ్లు నిలబడటానికి కారణం ఇదే.

ఉప్పల్_మిద్దెతోట
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా వైపు మూసీ నీళ్లతో పండినవి అమ్ముతుంటారు. జామ, సపోటా తినాలంటే టెన్షన్. లోహాలు పండులోకి వస్తాయా?

వేరుమూలం
వస్తాయి కానీ మీరు అనుకున్నంత కాదు. చెట్టులో లోహం పంపిణీకి ఒక వరస ఉంది: ఎక్కువ వేరులో, తర్వాత కాండం, ఆకు, అన్నింటికన్నా తక్కువ పండులో, గింజలో. సీసం అయితే దాదాపు వేరు దగ్గరే ఆగిపోతుంది. వేరు కణాల గోడల్లో పెక్టిన్ దాన్ని పట్టేసుకుంటుంది. కాడ్మియం కాస్త ఎక్కువ కదులుతుంది. పండుకి ఆహారం వెళ్లేది పోషక కణజాలం (ఫ్లోయం) ద్వారా, ఆ దారిలో చాలా లోహాలు తేలిగ్గా పోలేవు.

అందుకే మురుగునీటి నేలల్లో భయపడాల్సింది ముందు పాలకూర, తోటకూర, గోంగూర లాంటి ఆకుకూరల గురించి. ఆ తర్వాత ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలు. చెట్టు పండ్లు చివరన. రోడ్డు పక్క తోటల్లో పండు మీద ఉండే సీసం చాలావరకు దుమ్ములోది, బాగా కడిగితే పోతుంది. జామ తొక్కతో తింటాం కాబట్టి రుద్ది కడగండి.

దెందులూరు_కోకో
మేడం, "పండులో తక్కువ" అన్న మాట కోకోకి వర్తించదని విన్నాను. మా కొబ్బరి తోటల్లో కోకో అంతర పంట. ఈక్వెడార్, పెరూ గింజల్లో కాడ్మియం ఉందని ఐరోపా వాళ్లు తిప్పి పంపుతున్నారట కదా?

వేరుమూలం
మంచి పాయింట్ అండీ, కోకో దీనికి మినహాయింపే. కాడ్మియాన్ని గింజ దాకా మోసుకొచ్చే చెట్టు అది. దక్షిణ అమెరికాలో కొన్నిచోట్ల నేలలోనే సహజంగా కాడ్మియం ఎక్కువ. ఐరోపాలో 2019 జనవరి నుంచి చాక్లెట్‌కి హద్దులు వచ్చాయి: కోకో 50 శాతం, ఆ పైన ఉన్న డార్క్ చాక్లెట్‌లో కిలోకి 0.80 మిల్లీగ్రాములు, కోకో 30 శాతం లోపు ఉన్న మిల్క్ చాక్లెట్‌లో అన్నింటికన్నా తక్కువ, 0.10. పిల్లలు తినేది అదే కాబట్టి.

మీరు గమనించాల్సినవి రెండు: నేల ఆమ్లంగా మారకుండా చూడటం, భాస్వరం ఎరువులు అవసరానికి మించి వేయకపోవడం. రాతి భాస్వరంలో కాడ్మియం సహజంగా ఉంటుంది, గని గనికీ మోతాదు మారుతుంది. జింకు లోపం ఉన్న నేలలో కాడ్మియం ఇంకా సులువుగా లోపలికి పోతుంది. కాబట్టి జింకు సరిగ్గా ఉంచితే రెండు లాభాలు.

చెల్కరైతు_శామీర్‌పేట
వేర్లు తవ్వాను. ఫోటోలు పెట్టాను, చూడండి. బుడిపెలు లేవు. బెరడు ఊడటం లేదు, కుళ్లు వాసన కూడా లేదు. వేరు కొసలు మాత్రం పొట్టిగా, మొద్దుగా, గోధుమ నలుపు రంగులో ఉన్నాయి. పీచు అన్నది దాదాపు లేదు. గట్టు అవతల చెట్టుది కూడా తవ్వి చూశాను. తెల్లటి పీచు గుప్పెడు నిండా వచ్చింది. ఈ తేడా చూశాక ఆ డబ్బాలు షాపులో వాపసు ఇచ్చేశా.

మట్టి రిపోర్టుకు ఇంకా టైం పడుతుంది అన్నారు.

యాకిమా_నుంచి
నేను వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా లోయలో ఉంటాను. ఈ థ్రెడ్ చదువుతుంటే మా ఇంటి కథలాగే ఉంది. ఇక్కడ ఇళ్ల కాలనీలు చాలావరకు పాత ఆపిల్ తోటల మీద కట్టినవి. కాయతొలుచు పురుగుకి అప్పట్లో లెడ్ ఆర్సెనేట్ కొట్టేవారు, అంటే సీసం, ఆర్సెనిక్ రెండూ ఒకే మందులో. 1940ల చివర్లో డీడీటీ వచ్చాక ఆపేశారు. మందు పోయింది, లోహం పోలేదు. పాత ఆపిల్ పీకి ఆ నేలలో పీచ్, ఆప్రికాట్ పెట్టిన వాళ్లకి మొక్కలు ఎదగలేదు, అవి ఆర్సెనిక్‌కి ఆపిల్ కన్నా సున్నితం.

ఇక్కడి రాష్ట్ర పర్యావరణ శాఖ పాత తోటల నేలల్ని పరీక్ష చేయించుకోమని చెబుతుంది. కిలో మట్టిలో ఆర్సెనిక్ 20 మిల్లీగ్రాములు, సీసం 250 దాటితే శుభ్రం చేయాల్సిన నేల కింద లెక్క. మా పెరట్లో కూరగాయలు పెట్టెల్లో బయటి మట్టి పోసి పెంచుతున్నాం. పిల్లలు మట్టిలో ఆడొస్తే చేతులు కడగందే లోపలికి రానివ్వం. పండ్ల కన్నా ఆ మట్టే ఎక్కువ ప్రమాదం అని చెప్పారు.

మా పక్కింటాయన పెరట్లో చెట్లకి ఫాస్ఫేట్ వేస్తే సీసం కట్టేసుకుంటుందని వేస్తున్నాడు. అది సరైనదేనా మేడం?

వేరుమూలం
సీసానికి సరైనదే, ఆర్సెనిక్‌కి కాదు. ఫాస్ఫేట్‌తో సీసం కరగని రూపంలోకి మారుతుంది. కానీ ఆర్సెనేట్, ఫాస్ఫేట్ రెండూ ఒకే ఆకారంలో ఉంటాయి కాబట్టి, మట్టి రేణువుల మీద ఉన్న ఆర్సెనిక్‌ని ఫాస్ఫేట్ నెట్టేసి ఆ చోట తాను కూర్చుంటుంది. ఊడిన ఆర్సెనిక్ నీళ్లలోకి వస్తుంది. రెండూ కలిసి ఉన్న నేలలో ఆయన చేస్తున్నది ఆపమనండి. సున్నం కూడా అంతే. రాగి, కాడ్మియం, సీసం ఉన్న ఆమ్ల నేలలో మేలు చేస్తుంది, ఆర్సెనిక్ ఉన్నచోట దాన్ని ఇంకా కదిలించవచ్చు. ఏ లోహమో తెలియకుండా వైద్యం మొదలుపెట్టకూడదని నేను ఊరికే గోల పెట్టడం లేదు.

గూడూరు_నిమ్మతోట
అంతా బాగుంది కానీ ఒక్క అభ్యంతరం. బంకకారు తెగులు నిజమైన శత్రువు. బోర్డో పేస్ట్ పూయకుండా బత్తాయి తోట నిలవదు. రాగి పేరు చెప్పి రైతుల్ని భయపెడితే రేపు మొదలు కుళ్లి చెట్లు పోతాయి.

వేరుమూలం
మొదలుకి పేస్ట్ పూయడం ఆపమని నేను అనలేదు అన్నా. మొదలు మీద పూసేది కొంచెమే, అది చాలావరకు బెరడు మీదే ఉంటుంది. పాదుల్లో లీటర్ల కొద్దీ పోయడం గురించే నా అభ్యంతరం, అదీ ఇప్పటికే రాగి నిండిన నేలలో. వేరుకుళ్లు నిజంగా ఉంటే రాగి లేని మందులు మెటలాక్సిల్, ఫోసెటైల్ అల్యూమినియం ఉన్నాయి. మీ గూడూరు నేలల్లో ఇంత పాత బోర్డో చరిత్ర లేకపోతే మీ పద్ధతి మీకు నడుస్తుంది. ఆయనది వేరే నేల.

గూడూరు_నిమ్మతోట
ఒప్పుకున్నా. మాదీ ఒకసారి రాగి పరీక్ష చేయిస్తా, ఖర్చేం పెద్దది కాదుగా.

చెల్కరైతు_శామీర్‌పేట
రిపోర్టు వచ్చింది. పందిరి ముక్క: ఉదజని సూచిక 5.4, లభ్య రాగి (మొత్తంలో మొక్కకు అందే భాగం) 31 పీపీఎం, అంటే కిలో మట్టికి 31 మిల్లీగ్రాములు. జొన్న ముక్క: 6.6, లభ్య రాగి 2.3. ల్యాబులో అబ్బాయి రాగి అంకె చూసి మళ్లీ చేశాడట. సీసం, కాడ్మియం మాత్రం వాళ్లు చూడరట.

ఆకు పరీక్ష కూడా చేయించాను. అందులో రాగి మామూలుగానే ఉంది, ఇనుము, జింకు తక్కువ. ఇదేంటి మేడం, మట్టిలో అంతుంటే ఆకులో ఎందుకు లేదు?

వేరుమూలం
ముందే చెప్పినట్టు వేరు దాన్ని పైకి పంపకుండా తన దగ్గరే ఆపేసుకుంది. రాగి విషంలో ఆకు పరీక్ష చాలాసార్లు ఇలాగే పక్కదారి పట్టిస్తుంది. వేరుని పరీక్షిస్తే అంకె తేలుతుంది. లభ్య రాగికి లోపం గీత 0.2 పీపీఎం అని గుర్తుంచుకుంటే మీ 31 ఎంతో తెలుస్తుంది. భూసార కార్డులో రాగి అంకె పక్కన "సరిపడా" అని రాసి వదిలేస్తారు, తక్కువైతేనే చూస్తారు తప్ప ఎక్కువైతే ఎవరూ చూడరు. సీసం, కాడ్మియం ఆ కార్డులోని పన్నెండు అంశాల్లో లేనే లేవు.

5.4 అన్నది కూడా ఆశ్చర్యం కాదు. ఏళ్ల తరబడి చల్లిన గంధకం, అమ్మోనియా ఎరువులు నేలని ఆమ్లంగా మార్చాయి. నేల ఆమ్లమయ్యే కొద్దీ పట్టుబడి ఉన్న రాగి విడుదలవుతుంది. కాబట్టి మొదటి వైద్యం సున్నం. ఉదజని సూచికని 6.5 దాకా తేవాలి, అంతకన్నా పైకి ఎక్కిస్తే ఈసారి నిజంగానే సున్నపు నేల ఇనుము లోపం వస్తుంది. ఎంత వేయాలో సున్నం అవసరం పరీక్ష చేయించి నిర్ణయించండి, అందాజాగా వద్దు.

లెక్కలమాస్టారు
పశువుల ఎరువు, చెరువు మట్టి వేస్తే? రాగిని అవి పట్టుకుంటాయి కదా.

వేరుమూలం
పట్టుకుంటాయి. మాగిన పశువుల ఎరువు బాగా పని చేస్తుంది. కోళ్ల ఎరువు మాత్రం వద్దు. శామీర్‌పేట చుట్టూ కోళ్ల ఫారాలు ఉన్నాయి కాబట్టి చవగ్గా దొరుకుతుంది, కానీ కోళ్ల దాణాలో రాగి, జింకు కలుపుతారు, అవి రెట్టలోకే వస్తాయి. చెరువు మట్టి మంచిదే, అయితే ఏ చెరువుదో చూసుకోవాలి. పరిశ్రమల నీరు కలిసే చెరువు పూడిక తెచ్చుకుంటే రాగి సమస్యకి సీసం, క్రోమియం తోడవుతాయి. నగర చెత్త కంపోస్టు కొనేట్టయితే బస్తా మీది వివరాలు చూడండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో కిలోకి రాగి 300, సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు.

చెల్కరైతు_శామీర్‌పేట
అర్థమైంది. నాన్న పందిరి ముక్కలో చెట్లన్నీ పీకేద్దాం అంటున్నారు. అన్నీ పోయినవే అనుకోవాలా?

వేరుమూలం
తొందరపడొద్దు. చిగురు వేస్తున్న చెట్లని ఉంచండి. బాగా గిడసబారినవి తీసేసి, ఆ గుంతల్ని వెడల్పుగా తవ్వి, పై మట్టి పక్కకి తీసి, జొన్న ముక్క మట్టితో నింపి కొత్త మొక్క పెట్టండి. వేర్లు నిలదొక్కుకునే దాకా ఆ కాస్త మంచి మట్టి చాలా ఆదుకుంటుంది. సున్నం ఆ ముక్కంతా పరిచి కలియదున్నండి, చెట్ల దగ్గర పైపైనే, ఉన్న కాసిని వేర్లు తెగకుండా. ఈలోపు అన్నభేది, జింకు పిచికారీలు కొనసాగించండి, చెట్టుకి ఊపిరి ఆడుతుంది. ఇక సున్నం, పశువుల ఎరువు ఒకే రోజు కలిపి వేయకండి, నైట్రోజన్ అమ్మోనియాగా ఎగిరిపోతుంది. ముందు సున్నం వేసి, ఒకట్రెండు వానలు పడ్డాక ఎరువు వేయండి.

చెల్కరైతు_శామీర్‌పేట
సరే మేడం. సున్నం పరీక్షకి మట్టి రేపే పంపుతా. అన్నభేది గూడూరు అన్న లెక్క ప్రకారమే కొడతా.